చపాటా మిర్చి కారం కావాలంటే బీట్ బజార్ వెనక గిర్నికి పోండి

వరంగల్‌లో నమ్మకమైన కారం ఎక్కడ దొరుకుతుందని ఎవరడిగినా నేను ఒకటే చోటు చెప్తాను. బీట్ బజార్ వెనక సందులో ఉన్న మిర్చి గిర్ని. ముందర బస్తాలు, మధ్యలో కాంటా, వెనక రెండు మిషన్లు. అంతే దుకాణం. ప్యాకెట్ కారం పెట్టరు. కాయ చూసుకుని, తూకం వేయించి, తొడిమెలు తీయించి, మన కళ్ల ముందే కారం పట్టించి తెచ్చుకోవాలి. గంట, గంటన్నర పడుతుంది. తొందరున్న వాళ్లకు పనికిరాదు కానీ, ఏడాదికి సరిపడా తొక్కు పెట్టుకునే ఇంటికి మాత్రం ఇంతకంటే మంచి చోటు ఈ ఊళ్లో నాకు కనపడలేదు.

నేను ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (కమిషన్ మీద రైతు సరుకు అమ్మిపెట్టే) దుకాణంలో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషిని. పొద్దున జెండా పాట (ఆ రోజు ధర తేల్చే వేలం) అయ్యేసరికి ధర ఎంత పలికిందో ఊళ్లకు ఫోన్లు కొట్టడం, కాంటాలు రాయడం, రైతుకు అమ్మకం లెక్క రాసిన తక్‌పట్టీ చేతికివ్వడం, ఇదే నా పని. కాయను పిడికిట్లో నలిపితే తేమ ఎంతుందో, అది కొత్త సరుకో కోల్డ్ స్టోరేజీలోంచి తీసిన ఏసీ సరుకో చెప్పగలను. బస్తా మూతి విప్పితే తాలు (రంగు పోయిన నాసిరకం కాయ) ఎంత కలిసిందో తెలిసిపోతుంది. అందుకే మిర్చి విషయంలో నన్ను మెప్పించడం అంత సులువు కాదు.

ఈ గిర్ని నన్ను మెప్పించింది ఒక బస్తా దగ్గర. తల్లీ కొడుకూ కలిసి నడుపుతారు. కాంటా దగ్గర తల్లి కూర్చుంటుంది. నేను వెళ్లిన రోజు గోడ పక్కన ఉన్న బస్తాలో చెయ్యి పెట్టబోతే ఆమె ఆపింది. "కాకా, గది ముట్టకు. మొన్న వానకు జర తడి తగిలింది. ఎండల పోసినంక అమ్ముత గానీ ఇప్పుడియ్య" అన్నది. నేను కాయ తీసి నలిపి చూశాను. పుటుక్కున విరగలేదు, మెత్తగా వంగింది. కొనేవాళ్లలో వందకు తొంభై మంది ఆ తేడా పట్టలేరు. ఆమె ఆ బస్తాను మరో నాలుగు బస్తాల్లో కలిపి అమ్మేసినా అడిగే దిక్కుండదు. అయినా అమ్మలేదు.

ఆ తడి ఎందుకంత పెద్ద విషయమో చెప్పాలి. తేమ నిలిచిన కాయకు బూజు పడుతుంది. కొన్ని రకాల బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. అది ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే కాలేయ క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంటుంది. కాయను పొడి కొట్టాక ఆ బూజు కంటికి కనపడదు, నూనెలో వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. యూరప్ దేశాలు మిర్చిలో అఫ్లటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 మైక్రోగ్రాములు దాటకూడదని పరిమితి పెట్టాయి. దాటితే కంటైనర్ అక్కడి ఓడరేవులోనే ఆగిపోతుంది. ఎగుమతి లాట్ కొనే వ్యాపారి శాంపిల్ తీసి ల్యాబ్‌కు పంపుతాడు, రిపోర్టు వచ్చాకే డబ్బు మాట్లాడతాడు. మన వంటింటికి వచ్చే పావుకిలో కారానికి రిపోర్టు అడిగేవాళ్లెవరు? ఇక్కడ నాకు నిజంగా కడుపు మండుతుంది. ప్రపంచ మార్కెట్ వచ్చాక మిర్చికి పరీక్షలు వచ్చాయి, తరాజు మారింది, గోదాములు మారాయి, కానీ ఆ జాగ్రత్త అంతా ఓడ ఎక్కే సరుకుకే దక్కింది.

రంగు సంగతి కూడా అంతే. 2003లో ఫ్రాన్స్‌లో మన దేశం నుంచి పోయిన కారంలో సూడాన్-1 అనే రంగు దొరికింది. అది నూనెలకూ, మైనానికీ, బూటు పాలిష్‌కూ వాడే ఫ్యాక్టరీ రంగు. తిండిలో వేయకూడదు. ఆ తర్వాత సూడాన్ రంగు లేదని కాగితం చూపిస్తేనే కారాన్ని యూరప్ లోపలికి రానిచ్చారు. 2005లో బ్రిటన్‌లో ఒక సాస్ తయారీలో కలిసిన కల్తీ కారం వల్ల వందల రకాల తిండి సరుకులను దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నారు. ఎక్కడో ఒక మిల్లులో చెంచాడు రంగు కలిపితే సముద్రం అవతల సూపర్ మార్కెట్ల అల్మారాలు ఖాళీ అయ్యాయి. 2024 ఏప్రిల్‌లో మళ్లీ హాంకాంగ్, సింగపూర్ మన దేశపు కొన్ని మసాలా పొడులను ఆపేశాయి. ఈసారి కారణం ఎథిలీన్ ఆక్సైడ్, క్రిములు చంపడానికి పట్టించే గ్యాస్. ఆ వార్త వచ్చిన వారం మా వీధిలో ఆడవాళ్లంతా ఇళ్లలో ఉన్న ప్యాకెట్లు తిప్పి తిప్పి చదివారు.

అందుకే కాయ కొని కళ్ల ముందు పట్టించుకోవాలని నేను అనేది. ఎర్రదనం కోసం రంగు కలపాల్సిన అవసరమే లేని కాయ మన జిల్లాలోనే పండుతుంది. అదే చపాటా. ఊళ్లలో టమాట మిర్చి అంటారు. పొట్టిగా, లావుగా, నిజంగా టమాట లాగే ఉబ్బి ఉంటుంది. సింగిల్ పట్టి, డబుల్ పట్టి అని రకాలున్నాయి. ఎండినా రంగు పోదు. ఘాటు చాలా తక్కువ. మామిడికాయ తొక్కులో రెండు గరిటెలు ఎక్కువేసినా పిల్లలు తినగలుగుతారు, నూనె మాత్రం నిండు ఎరుపు తేలుతుంది.

దీనికి సరిగ్గా ఎదురు తేజ. సన్నగా, పొడుగ్గా ఉంటుంది, నాలుక మీద పెడితే చెవుల్లోంచి పొగలొస్తాయి. ఘాటును కొలిచే పద్ధతిని 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఫార్మసిస్టు కనిపెట్టాడు. ఆ లెక్కలో తేజ సుమారు 75 వేల నుంచి లక్ష దాకా పోతుంది. చైనావాళ్లకు కావాల్సింది అదే. మన దేశపు మిర్చిని అందరికంటే ఎక్కువగా కొనేది వాళ్లే. నేను పనిలో చేరినప్పుడు మా మార్కెట్ ధర గుంటూరును చూసి కదిలేది. దిగిపోయేనాటికి గుంటూరు కూడా చైనాను చూసి కదులుతోంది. 2020 మొదట్లో అక్కడ కరోనా వచ్చి కొనుగోళ్లు ఆగిపోతే, మన రాష్ట్రంలో ఒక్క కేసు కూడా రాకముందే మిర్చి రైతుకు దెబ్బ తగిలింది. బస్తాలు దింపిన రైతులు ధర విని యార్డులోనే కూలబడ్డారు. వుహాన్ ఎక్కడుందో వాళ్లకు తెలియదు, తెలియాల్సిన పని కూడా అప్పటిదాకా రాలేదు.

మరుసటి ఏడాదే నల్ల తామర పురుగు. ఆగ్నేయాసియా దేశాల పురుగు అది. మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనపడింది. 2021లో తెలంగాణ, ఆంధ్ర మిరప తోటల మీద పడింది. పూత లోపల దూరి రసం పీల్చేస్తుంది, పిందె నిలవదు. ములుగు, మహబూబాబాద్ వైపు రైతులు వారానికి రెండు మూడు మందులు కొట్టారు. మందు మీద మందు కలిపి కొట్టడంతో పురుగును తినే మంచి పురుగులు కూడా చచ్చాయి, నేల పాడైంది, అప్పు మిగిలింది. చాలామంది పచ్చని చెట్లను పీకేసి మక్కజొన్న వేసుకున్నారు. ఆ ఏడాది మా అడ్తికి మామూలుగా వచ్చే రైతుల్లో సగం మంది మొహాలు నేను చూడలేదు. సరుకుతో పాటు పురుగు కూడా దేశాలు దాటుతుందని, దానికి ఏ సుంకమూ లేదని అప్పుడు అర్థమైంది.

ఇక ఎర్ర రంగుకు మాత్రం దీనికి భిన్నమైన కథ. సూడాన్ లాంటి రంగులంటే భయం పుట్టాక మిరప నుంచే రంగు తీసి వాడడం పెరిగింది. దాన్ని ఓలియోరెసిన్ అంటారు. యూరప్‌లో సాసేజుల డబ్బాల మీద ఈ160సి అని రాసి ఉండేది మిరప రంగే. ఈ పనికి ఘాటు తక్కువ, ఎరుపు ఎక్కువ ఉన్న కాయ కావాలి. కర్ణాటక బ్యాడిగి కాయకు ఆ పేరు ఎప్పటి నుంచో ఉంది, మన చపాటాకు ఇప్పుడిప్పుడే వస్తోంది. 2025లో వరంగల్ చపాటా మిర్చికి, వేరే చోటి కాయను ఆ పేరుతో అమ్మకుండా కాపాడే భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. దుగ్గొండి మండలం తిమ్మంపేట రైతుల కంపెనీ, ఉద్యాన విశ్వవిద్యాలయం వాళ్లు కలిసి సాధించారు. ఈ గుర్తింపు చట్టం కూడా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరినందుకు మన దేశం చేసుకున్నదే. 1999లో చట్టం, 2003 నుంచి అమలు. లక్నేపల్లిలో పుట్టిన పీవీ 1991లో తలుపులు తెరిచినప్పుడు లోపలికి వచ్చినవాటిలో చైనా బేరం ఉంది, ఈ కాయకు రక్షణ కూడా ఉంది. రెండూ చూసినవాణ్ని కాబట్టి అదంతా మంచనీ అనలేను, అంతా చెడనీ అనలేను. చపాటా రైతు సొంత విత్తనం దాచుకుంటాడు. దిగుబడి హైబ్రిడ్ల కంటే తక్కువ. మంచి ధర రాకపోతే రెండేళ్లలో వదిలేస్తాడు. ఆ ధర మిరప రంగు తీసే కొచ్చి కంపెనీల నుంచి మాత్రమే రాకూడదు, మన ఇళ్ల నుంచి కూడా రావాలి.

మళ్లీ గిర్నికి వస్తాను. ఇక్కడ రెండు మిషన్లలో ఒకటి మామూలు పల్వరైజర్, రెండోది రోకళ్లతో దంచే మిషన్. చపాటాను దంచే మిషన్‌లోనే పట్టమని అడగండి. పల్వరైజర్ వేగానికి పొడి వేడెక్కి రంగు కాస్త ముదురుతుంది, వాసన తగ్గుతుంది. దంచింది కొంచెం బరక ఉంటుంది, తొక్కుకు అదే బాగుంటుంది. కొడుకు పొడిని వెంటనే డబ్బాలో పొయ్యడు, ఇత్తడి తాంబాళంలో పరిచి ఆరనిస్తాడు. "బాపూ, వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ పడతది" అని మనం తొందర పెట్టినా ఆగమంటాడు. మెరుపు కోసం నూనె చల్లడం వీళ్ల దగ్గర లేదు. ఒక గ్లాసు నీళ్లలో చిటికెడు వేసి చూశాను. రంగు చారలుగా దిగలేదు, అడుగున ఇటుక పొడి లాంటిదేమీ చేరలేదు.

ఇంట్లో మా ఆవిడ దీంతో మామిడి తొక్కు, కొంచెం పండుమిర్చి పచ్చడి పెట్టింది. వానాకాలం దాటినా తొక్కు రంగు మారలేదు. ఘాటు కావాలనుకునేవాళ్లు కిలో చపాటాకు పావుకిలో తేజ కలిపి పట్టించుకుంటే సరిపోతుంది. ఒక్క చపాటాతో చేపల పులుసు మాత్రం చప్పగా ఉంటుంది, అది ముందే చెప్తున్నాను.

బాగాలేనివి కూడా ఉన్నాయి. తొడిమెలు తీసే ఆడకూలీలు కొంగు ముక్కుకు కట్టుకుని పనిచేస్తున్నారు. మార్కెట్లో చాట కూలీలు ఏళ్ల తరబడి ఇలాగే దగ్గుతూ చేయడం చూశాను, ఇక్కడ కూడా అదే చూస్తే బాధేసింది. మంచి మాస్కులు, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించడం పెద్ద ఖర్చేమీ కాదు. కాంటా దగ్గరి తల్లితో ఆ మాట అన్నాను, "పెట్టిస్త కాకా" అన్నది. రెండోసారి పోయినప్పుడు ఫ్యాన్ వచ్చింది, మాస్కులు రాలేదు. కాయ ఏ ఊరిదో నోటితో చెప్తారు తప్ప బస్తా మీద రాయరు. గుర్తింపు వచ్చిన కాయ పేరుతో వేరే రకం అమ్మేవాళ్లు పెరుగుతారు కాబట్టి ఊరు పేరు, కోసిన నెల రాసి పెడితే వీళ్లకే మంచిది. ధర ప్యాకెట్ కారం కంటే దాదాపు రెట్టింపు పడుతుంది. తాలు, తేమ, తొడిమె లేకుండా చేతికి వచ్చే కాయకు అది ఎక్కువ ధర కాదని నా లెక్క.

కొత్త కాయ ఫిబ్రవరి చివర నుంచి వస్తుంది. మార్చి, ఏప్రిల్లో పోతే మంచి సరుకు దొరుకుతుంది. మే నెలలో తొక్కుల రద్దీకి మధ్యాహ్నం దాకా నిలబడాలి, కాబట్టి పొద్దున తొమ్మిదింటికల్లా చేరండి. గాజు సీసాలో కానీ జాడీలో కానీ తెచ్చుకోండి, వాళ్లిచ్చే ప్లాస్టిక్ సంచి వద్దు. ఫోన్ పే తీసుకుంటారు. దసరా దాటాక పోతే ఏసీ సరుకా అని అడగండి, అడిగితే దాచకుండా చెప్తారు.