సంచి పట్టీకి వేలాడే జీపీఎస్: ఆరేళ్ల వాడకం తర్వాత

ముందే చెప్పేస్తున్నాను, దారి తెలుసుకోవడం కోసమే అయితే చేత్తో పట్టుకునే ఈ జీపీఎస్ డబ్బా కొనొద్దు. మా బెంగళూరు చుట్టుపక్కల నంది కొండకో, సావనదుర్గకో వెళ్లి రావడానికి ఫోన్ చాలు. బయల్దేరే ముందు మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ లేని చోట కూడా పనిచేస్తుంది. జీపీఎస్‌కి సిమ్‌తో పని లేదు, నెత్తిమీద కనీసం నాలుగు ఉపగ్రహాలు అందితే చాలు. అయినా ఆరేళ్లుగా ఇది నా కెమెరా సంచి పట్టీకి వేలాడుతూనే ఉంది. కారణం ఫోటోలు.

నా కెమెరాలో జీపీఎస్ లేదు. ఫోన్‌ని బ్లూటూత్‌తో కలిపితే లొకేషన్ ఎక్కుతుందంటే అదీ చేసి చూశాను. ఎప్పుడు తెగిపోతుందో తెలియదు, పైగా మధ్యాహ్నానికి ఫోన్ ఛార్జింగ్ అడుగంటుతుంది. ఈ డబ్బా అయితే రెండు డబుల్ ఏ సెల్స్‌తో శని, ఆదివారాలు రెండూ లాగుతుంది. అయిపోతే ఏ ఊళ్లోనైనా చిల్లర కొట్లో దొరుకుతాయి. రీఛార్జబుల్ సెల్స్ వేసేవాళ్లు మాత్రం సెట్టింగ్స్‌లో బ్యాటరీ రకం మార్చుకోవాలి. వాటి వోల్టేజీ మామూలు వాటికంటే తక్కువ కాబట్టి, మార్చకపోతే నిండా ఛార్జ్ చేసినా సగమే ఉన్నట్టు చూపించి టెన్షన్ పెడుతుంది.

అసలు పని ఇంటికొచ్చాక మొదలవుతుంది. ఏ నిమిషానికి ఎక్కడున్నామో డబ్బా ఒక జీపీఎక్స్ ఫైల్‌లో రాసిపెట్టుకుంటుంది. కంప్యూటర్లో ఫోటోలు సర్దుకునే లైట్‌రూమ్‌లోనో, ఉచితంగా దొరికే డిజికామ్‌లోనో ఆ ఫైల్ ఇస్తే, ఫోటో తీసిన టైమ్‌తో పోల్చి ప్రతి ఫోటోనూ మ్యాప్ మీద దాని చోట పెడుతుంది. చదవడానికి ఇంతే. చేసేటప్పుడు మన ఐదున్నర గంటలు అడ్డం తిరుగుతాయి. ఫైల్‌లో ఉండేది యూటీసీ టైమ్ (ప్రపంచమంతటికీ ఒకటే లెక్క, మన టైమ్ దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది), కెమెరాలో ఉండేది మన టైమ్. మొదటిసారి నేను తేడా +5 అని ఇచ్చి ఊరుకున్నాను, ఆ అరగంట మర్చిపోయి. కొండ కింద గుడి దగ్గర తీసిన ఫోటోలన్నీ అరగంట నడక పైకెక్కి బండ నడుమ కూర్చున్నాయి.

అది సరిచేసుకున్నాక ఇంకో తేడా బయటపడింది. కెమెరా గడియారం నాలుగు నిమిషాలు ముందు నడుస్తోంది. ఎక్కేటప్పుడు నాలుగు నిమిషాలంటే పెద్ద దూరమే. అప్పట్నుంచి నడక మొదలుపెట్టేముందు నా మొదటి ఫోటో ఎప్పుడూ ఒకటే: జీపీఎస్ తెర మీద సెకన్లతో సహా కనిపించే గడియారం. ఇంటికొచ్చాక ఆ ఫోటోలో కనిపించే టైమ్‌కీ, కెమెరా దానికి వేసిన టైమ్‌కీ తేడా చూసుకుని సరిచేస్తాను. అంతరిక్షంలో ఉపగ్రహాలు, చేతిలో కంప్యూటర్, చివరికి పని నడిపేది గోడ గడియారం లెక్క!

ఎత్తు సంగతి కూడా తమాషాగా ఉంటుంది. నాదాంట్లో బారోమీటర్ ఉంది, గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెబుతుంది. ఒత్తిడి ఒక హెక్టోపాస్కల్ (గాలి ఒత్తిడిని కొలిచే యూనిట్) తగ్గితే దాదాపు 8 మీటర్లు ఎక్కామనుకుంటుంది. మన ప్రాంతాల్లో ఉదయం పదింటి నుంచి సాయంత్రం నాలుగింటికి ఒత్తిడి రోజూ మూడు నాలుగు హెక్టోపాస్కల్స్ దిగుతుంది. ఒక సెలవురోజు మారతహళ్లిలో మా ఇంట్లో టేబుల్ మీదే వదిలేస్తే, కుర్చీలోంచి లేవకుండానే సాయంత్రానికి పాతిక మీటర్లు ఎక్కేశాను. అందుకే ఎత్తు తెలిసిన చోట సరిచేసుకోవడం మంచిది. నంది కొండ పైన నేను 1478 మీటర్లు అని కొట్టేస్తాను.

దారి విషయంలో దీన్ని గుడ్డిగా నమ్మకూడదని ఆవలబెట్ట అనే కొండ దగ్గర తెలిసింది. చిక్కబళ్లాపురం దాటి గుడిబండ వైపు వెళ్తే పల్లెల్లో తెలుగే వినిపిస్తుంది. దిగేటప్పుడు, ఎక్కిన దారికి డబ్బా తెర మీద గీసిన గీత పట్టుకునే వస్తున్నాను. పెద్ద బండల పక్కన సిగ్నల్ రాయికి తగిలి తిరిగొస్తుంది, గీత పక్కకు జరుగుతుంది. తెర మీద అది చిన్న వంకరే, కాళ్ల కింద మాత్రం జారుడు బండ. గొర్రెలు కాసుకుంటున్న ఒక పెద్దాయన చూసి అరిచాడు: "ఆ డబ్బా చూసుకుంటా యాడికి పోతావు నాయనా? దావ ఈ పక్కనుంది!" "అట్లనే తాతా" అని వెనక్కి తిరిగాను. ఇంటికొచ్చి చూస్తే అక్కడ గీత ఇరవై మీటర్లు తప్పింది.

ఎండలో తెర ఫోన్ కంటే బాగా కనిపిస్తుంది. వానలో తడిచేతులతో బటన్లు నొక్కొచ్చు. మ్యాప్‌లు మాత్రం దాంతో వచ్చినవి దండగ, జనమే కలిసి గీసే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఎక్కించుకున్నాకే కాలిబాటలు కనిపించాయి. చుట్టూ ఉన్న రబ్బరు నాలుగో ఏడు ఉబ్బి ఊడింది. సర్వీస్ సెంటర్లో కొత్తది కొనుక్కోమన్నారు. ఎస్పీ రోడ్డులో ఒక కుర్రాడు గమ్ పెట్టి అతికించాడు, పైన నేను సైకిల్ ట్యూబు ముక్క తొడిగాను. చూడ్డానికి బాగోదు, వాన నీళ్లు మాత్రం ఇంతవరకూ లోపలికి పోలేదు.

ఆన్‌లైన్‌లో చూసి, మెసేజ్‌లు కూడా పంపే శాటిలైట్ రకాన్ని విదేశాల నుంచి తెప్పించుకుందామనుకునేవాళ్లు ఆగండి. మన దేశంలో వాటికి ప్రభుత్వ అనుమతి కావాలి, లేకుండా తెచ్చి ఎయిర్‌పోర్టుల్లో ఇరుక్కున్నవాళ్లున్నారు. నాలాంటిది ఉపగ్రహాల మాట వింటుందే తప్ప తిరిగి ఏమీ పంపదు.

ఇంకొకటి. గుడ్లగూబ గూడు ఫోటో లొకేషన్‌తో సహా నెట్‌లో పెడితే తర్వాతి ఆదివారానికి అక్కడ పది కెమెరాలు వాలతాయి. అందుకే పక్షుల ఫోటోల్లోంచి లొకేషన్ తీసేశాకే ఎవరికైనా ఇస్తాను. ఇంత కష్టపడి ఎక్కించి మళ్లీ తీసేయడమేంటని మా ఆవిడ నవ్వుతుంది. నా దగ్గరున్న కాపీలో ఉంటుందిగా, వచ్చే ఏడు అదే చెట్టు దగ్గరికి వెళ్లడానికి.

మొన్న మా బామ్మర్ది అనంతపురం నుంచి వచ్చి, "నేనూ ఒకటి కొననా బావా?" అన్నాడు. నీకు కెమెరా లేదు కదా, ఫోన్ చాలు అన్నాను. ఇప్పుడు కెమెరా చూస్తున్నాడట. తప్పు నాదేనని మా అత్తగారు ఫోన్ చేశారు.