స్విఫ్ట్ పాత రిమ్ములకే 185/70 టైర్లు: 54 వేల కిలోమీటర్లు తిరిగాక

మాది 2014 స్విఫ్ట్ వీడీఐ. ఇనుప రిమ్ములు, కంపెనీ నుంచి వచ్చిన టైర్లు 165/80 ఆర్14. అంటే టైరు వెడల్పు 165 మి.మీ., పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం, రిమ్ము 14 అంగుళాలు. ఖమ్మంలో ఉంటాం. నెలకు రెండుసార్లు సూర్యాపేట మీదుగా హైదరాబాద్ వెళ్ళొస్తాం, వారానికోసారి మధిర వైపు మా ఊరు. 2017 వానాకాలంలో పాత టైర్లు 43 వేల దగ్గర నున్నగా అయిపోయాయి. తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే బండి ఎక్కడ ఆగుతుందో అని టెన్షన్. అల్లాయ్ రిమ్ములకు డబ్బులు పెట్టే ఉద్దేశం లేదు. ఉన్న రిమ్ములకే కాస్త వెడల్పు టైర్లు పడతాయా అన్నదే నా ప్రశ్న.

షాపతను 195/65 చూపించాడు. "వెయ్యండి సార్, బండికి లుక్కొస్తది" అన్నాడు. మా రిమ్ము వెడల్పు 5 అంగుళాలు, లోపలి వైపు 5జె అని అచ్చేసి ఉంటుంది. 195/65 టైరుకు కనీసం అయిదున్నర అంగుళాల రిమ్ము కావాలి. ఇరుకు రిమ్ముకు బిగిస్తే టైరు బుంగలా ఉబ్బి, నడుమ మాత్రమే అరుగుతుంది. లుక్కు సంగతి దేవుడెరుగు. 185/70కి నాలుగున్నర నుంచి 6 అంగుళాల దాకా పనికొస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు.

ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు. ఇదే తరం స్విఫ్ట్‌లో పై మోడల్ జడ్‌డీఐకి 185/65 వస్తుంది కదా, మనమూ అదే వేద్దాం అనుకుంటారు. అది ఆర్15. 15 అంగుళాల రిమ్ము మీద దాని మొత్తం ఎత్తు 621 మి.మీ. అదే 185/65ను 14 అంగుళాల రిమ్ముకు వేస్తే 596కి పడిపోతుంది. మన పాత 165/80 ఎత్తు 620. అంటే బండి 12 మి.మీ. కిందికి దిగుతుంది, స్పీడోమీటరు దాదాపు 4 శాతం ఎక్కువ చూపిస్తుంది. మా ఊరి స్పీడ్‌బ్రేకర్లకు ఆ 12 మి.మీ. చాలు, అడుగు గీరుకోవడానికి. 185/70 ఆర్14 ఎత్తు 615. తేడా ఒక శాతం కూడా లేదు, బండి దిగేది రెండున్నర మి.మీ. మాత్రమే. బరువు మోసే అంకె కూడా చూశాను: పాతవి 85, అంటే ఒక్కో టైరు 515 కిలోలు. కొత్తవి 88, అంటే 560. పాత దానికన్నా తగ్గకపోతే చాలు.

చివరికి 185/70 లే వేయించాను. టైరుకు నాలుగైదు వందలు ఎక్కువైంది. తయారీ తేదీ చూసే తీసుకున్నాను. టైరు పక్క గోడ మీది కోడ్‌లో చివరి నాలుగంకెలు 2217 అని ఉంటే 2017లో 22వ వారం అన్నమాట. స్టీరింగ్ ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పినా, వెనక ముగ్గురిని కూర్చోబెట్టి గుంతల్లో దింపినా ఎక్కడా రుద్దుకోలేదు.

మొదటి నెలంతా కనిపించిన వాళ్ళందరికీ ఇదే పొగడ్త. మలుపుల్లో బండి తూలడం తగ్గింది, వందలో గట్టిగా బ్రేకేసినా గీత గీసినట్టు ఆగుతోంది. మైలేజీ మాత్రం 21 నుంచి 20కి దిగింది. పైగా ఎత్తు కాస్త తక్కువైన టైరు ఎక్కువ చుట్లు తిరగాలి కాబట్టి మీటరు కొంచెం ఎక్కువ దూరం రాసుకుంటుంది. నా 54 వేలల్లో ఓ 430 కిలోమీటర్లు ఉత్తుత్తివే. నిజం మైలేజీ 20 కన్నా ఇంకాస్త తక్కువే ఉంటుంది. గుంతల కుదుపు మారలేదు, పక్క గోడ ఎత్తు 132 నుంచి 129.5కే తగ్గింది మరి.

చిక్కు వచ్చింది నిలిచిన నీళ్ళలో. సూర్యాపేట దాటాక ఒకచోట రోడ్డు మీద మడుగు కట్టింది. 90లో వెళ్తే స్టీరింగ్ ఒక్క క్షణం గాల్లో తేలినట్టయింది. వెడల్పు టైరు నీటిని చీల్చడం కన్నా దాని మీద తేలడానికే చూస్తుంది, ట్రెడ్ (టైరు మీది గాళ్ళు) అరిగిన కొద్దీ మరీను. అప్పటి నుంచి వానలో 70 దాటను. నల్లరేగడి బురదలోనైతే రెండు సైజులూ దిగబడ్డాయి. అక్కడ ట్రాక్టరు తప్ప ఏ లెక్కలూ పనిచేయవు.

స్టెప్నీ 165 గానే ఉంచేశాను. ఒకసారి ముందు టైరు పంక్చరైతే, వెనకది తీసి ముందుకేసి, స్టెప్నీని వెనక బిగించాను. ఇంజిన్ తిప్పేది ముందు చక్రాలను, ఆ రెండూ ఒకే సైజులో ఉండాలి. రాత్రి పది గంటలకు రోడ్డు పక్కన రెండు చక్రాలు విప్పడం మా ఆవిడకు మాత్రం నచ్చలేదు.

2023లో అవి అరిగాక, తిరుగుడు తగ్గింది కదా, మైలేజీ అయినా కలిసొస్తుందని మళ్ళీ 165/80 కొత్తవి వేయించాను. అప్పుడు తెలిసింది, అప్పట్లో నేను వెడల్పుకు కట్టబెట్టిన గొప్పలో సగం కొత్త రబ్బరుదని. తడిలో బ్రేకు ఈ కొత్త 165 లతోనూ బాగానే పడుతోంది. నేను పోల్చింది నున్నటి 165 తో కొత్త 185 ని, అది పోలికే కాదు. నీళ్ళలోనూ ఇవే నయం, మైలేజీ మళ్ళీ 21. కానీ మలుపుల్లో ఆ తూలుడు తిరిగి వచ్చింది. హైవేలో బస్సు పక్క నుంచి దూసుకుపోతే బండి జరిగినట్టుంటుంది. అది మాత్రం వెడల్పు వల్ల వచ్చిన తేడాయే, కొత్తా పాతా సంబంధం లేదు.

బండి ఎక్కువగా ఊళ్ళోనే తిరిగితే 165 చాలు. మాకు హైదరాబాద్ ప్రయాణాలు మళ్ళీ పెరిగాయి, కాబట్టి ఇవి అరిగాక 185/70 కే వెళ్తాను. స్టెప్నీ ఇంకా 2014 నాటిదే. చూడ్డానికి కొత్తగా ఉన్నా రబ్బరు గట్టిపడి సన్నగా పగుళ్ళు వచ్చాయి. ఈసారి కొనేది అయిదు టైర్లు.