నాసిక్ సులా వైనరీ: పచ్చళ్లు పెట్టే మనిషి నాలుకకు ఎలా ఉంది?

మా రాజమండ్రిలో ‘వైన్స్’ అని బోర్డు ఉన్న కొట్టుకు వెళ్లి వైన్ అడిగితే వింతగా చూస్తారు. కొన్నేళ్ల కిందట మా ఆయన పట్టుబట్టి అడిగితే, అద్దం వెనక ఎన్నాళ్లుగానో ఎండకు నిలబడిన సీసాను దుమ్ము తుడిచి ఇచ్చారు. ఇంటికి వచ్చి మూత తీస్తే మాడిన చింతపండు పులుసులా ఉంది. వైన్ అంటే ఇదే కాబోలు, గొప్పవాళ్లు మొహమాటానికి తాగుతారు కాబోలు అనుకుని ఊరుకున్నాను.

మొన్న జనవరిలో షిర్డీ, త్ర్యంబకేశ్వరం చూసుకుని వస్తుంటే, పుణెలో ఉద్యోగం చేసే మా అబ్బాయి కారును గంగాపూర్ వైపు తిప్పాడు. “దర్శనాలన్నీ అయ్యాయి కదమ్మా, ఒక్క గంట” అన్నాడు. వైన్ తయారుచేసే సులా వాళ్ల ద్రాక్షతోటలు అక్కడే. అమెరికాలో ఉద్యోగం మానేసి వచ్చిన రాజీవ్ సామంత్ 1997లో ఇక్కడ వైన్ ద్రాక్ష నాటి, 2000లో తొలి సీసాలు అమ్మాడట. ఆ పేరు వాళ్ల అమ్మ సులభ గారిది. ఈ సంగతి మా అబ్బాయికి రెండుసార్లు వినిపించాను.

యంత్రాలు, స్టీలు ట్యాంకులు, ఓక్ పీపాలు అన్నీ చూపించారు. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఒక్క ద్రాక్షపండు. అప్పుడే కోతలు మొదలయ్యాయి. మనం తినే గింజలేని రకం కాదిది. చిన్న పండు, మందపాటి తొక్క, లోపల గింజలు. రసం తేనెలా ఉంది. తొక్క, గింజ నమిలేసరికి నాలుక బిగుసుకుపోయింది, పచ్చి అరటికాయ కొరికినట్టు. “ఇదే టానిన్” అంది గైడు అమ్మాయి. దానికి అంత పేరెందుకు? వగరు! ఉగాది పచ్చడి తిన్న ప్రతి పిల్లాడికీ తెలుసు. ఎర్ర వైన్‌ను తొక్కలతో కలిపి పులియబెడతారు కాబట్టి రంగూ వగరూ రెండూ దిగుతాయి. తెల్లదానికి రసం పిండి తొక్క తీసేస్తారు.

అక్కడి నుంచి మిగతా మాటలు సులువుగానే పట్టుబడ్డాయి. ‘డ్రై’ అంటే తీపి లేనిది; చక్కెరంతా ఈస్టు తినేసిందన్నమాట. ‘బాడీ’ అంటే నోట్లో చిక్కదనం. మజ్జిగ తేటకూ చిలికిన పెరుగుకూ ఉన్న తేడా. ‘ఎసిడిటీ బాగుంటుంది’ అనగానే మా ఆయన పొట్ట తడుముకున్నారు. ఆ అమ్మాయి చెప్పింది పులుపు గురించి, మామిడి ముక్క తలచుకుంటేనే నోరూరుతుంది చూడండి, అది.

రుచి చూడటానికి గ్లాసు అడుగున కొద్దిగా పోస్తారు. సావిన్యాన్ బ్లాంక్ అనే ద్రాక్షతో చేసిన తెల్ల వైన్ వాసన చూసి “క్యాప్సికం కోసినట్టుంది” అన్నాను, ఏదో తప్పు మాట్లాడానేమోనని జంకుతూనే. ఆ ద్రాక్షకు ఆ పచ్చివాసన గుర్తేనట! దిండోరి రిజర్వ్ షిరాజ్ అనే ఎర్ర వైన్‌లో మిరియాల ఘాటు ఉంది, పీపా చెక్క వాసనా ఉంది. మా ఆయనకు అదే నచ్చింది. నా ఓటు షెనిన్ బ్లాంక్ అనే ఇంకో తెల్ల వైన్‌కు. కొంచెం తీపి, దాన్ని విరిచే పులుపు, వాసనకు మాగిన జామపండు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దీనితోనే మొదలుపెట్టండి.

బాల్కనీలో కూర్చుంటే తోటల అవతల గంగాపూర్ ఆనకట్ట జలాశయం. అది మన గోదావరే. మా కోటిలింగాల రేవులో అంత వెడల్పున చూసిన నదిని పుట్టింటి దగ్గర ఇలా చూడటం తమాషాగా ఉంది.

ధర సంగతి. పన్నులను బట్టి రాష్ట్రానికో లెక్క. షెనిన్ బ్లాంక్ మాకు దాదాపు వెయ్యి రూపాయలు పడింది. 750 మిల్లీలీటర్ల సీసా అయిదు గ్లాసులు వస్తుంది, అంటే గ్లాసు రెండు వందలు. హోటల్లో కూర్చుని తాగే లెక్కతో పోలిస్తే నయమే.

షిరాజ్, షెనిన్ చెరొకటి కొని పుణెలో మా అబ్బాయి ఇంట్లో తీశాం. నేను కోడివేపుడు చేశాను, మన కారంతోనే. షిరాజ్ గుక్క పడగానే మంట రెట్టింపయింది. వగరూ మద్యమూ కారాన్ని ఎగదోస్తాయి. తీపి ఉన్న షెనిన్ మాత్రం దాన్ని చల్లార్చింది. ఇంకొకటి: రెడ్ వైన్ ‘గది వేడిమి’లో తాగాలంటారు. అది చలిదేశపు గది, 16 నుంచి 18 డిగ్రీలు. మే నెలలో మా ఇంటి గదిని నమ్ముకుంటే కషాయమే. అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి.

షెనిన్ మిగిలితే మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టాం. మూడో రోజుకూ బాగుంది. షిరాజ్ అడుగున మిగిలిన కాస్తా అందరం మరిచిపోతే వంటింటి గట్టు మీదే వారం రోజులకు పులిసింది. పారబోయబోతున్న అబ్బాయి చేతిలోంచి లాక్కుని ఉల్లిపాయ ముక్కల్లో ఉప్పు, పచ్చిమిర్చితో కలిపి ఊరబెట్టాను. అన్నంలోకి బాగానే ఉంది.