లైస్ ఆఫ్ పి: పారీ నేర్చుకోవాలా, లైట్ తీస్కోవాలా?

"లైస్ ఆఫ్ పి కొందామనుకుంటున్నా" అని ఏ గేమర్ ముందన్నా అనండి, వెంటనే "పారీ వచ్చా నీకు?" అంటాడు, బండి తీస్కెళ్తా అంటే లైసెన్స్ ఉందా అని అడిగినట్టు. పారీ అంటే మీదకొచ్చే దెబ్బని సరిగ్గా తగలబోయే క్షణంలో అడ్డుకోవడం. అది రానోడు దీని జోలికి పోకూడదు, పోతే మొదటి బాస్ (అంటే దారికి అడ్డంగా నిలబడే పెద్ద శత్రువు) దగ్గరే కంట్రోలర్ గోడకేసి కొడతాడు అని ఒక పేరు పడిపోయింది ఈ గేమ్‌కి. నా మటుకు నాకు అది సగమే నిజం. ఇందులో పారీ నేర్చుకుంటే లాభమే, డౌటే లేదు, కానీ మొత్తం నేర్చుకోవాల్సిన పనే లేదు, ఇంకా చెప్పాలంటే ప్రతి దెబ్బా పారీ చేసి తీరాలి అని కూర్చున్నోళ్ళే ఎక్కువ తన్నులు తింటారు.

ముందు తెలీనోళ్ళ కోసం రెండు ముక్కలు. 2023 సెప్టెంబర్‌లో వచ్చింది, కొరియా వాళ్ళది, రౌండ్8 స్టూడియో చేస్తే నియోవిజ్ రిలీజ్ చేసింది. పినోకియో కథే, కాకపోతే పిల్లల కథలా ఉండదు, క్రాట్ అనే సిటీలో మరబొమ్మలన్నీ పిచ్చెక్కి మనుషుల్ని చంపేస్తుంటే మన హీరో, వాడూ బొమ్మే లెండి, వీధుల్లో పడి ఒక్కోదాన్నీ పగలగొట్టుకుంటూ పోతాడు. మధ్యలో ఎవరో ఒకరు ఏదో అడుగుతారు, నిజం చెప్తావా అబద్ధం చెప్తావా అని, ఆ పార్ట్ బాగుంటుంది, ఇక్కడ దాని సంగతి వదిలేస్తున్నా. చూడ్డానికి పాత యూరప్ సిటీ, రాతి వీధులు, వీధి దీపాలు, ఆర్ట్ మాత్రం కేక.

ఇప్పుడు అసలు విషయం. దెబ్బ మీదకొస్తుంటే మనకి మూడు దార్లు. డాడ్జ్ చేసి తప్పుకోవడం, గార్డ్ పట్టి ఆపుకోవడం, లేదా దెబ్బ తగలబోయే క్షణంలో గార్డ్ నొక్కడం, దీన్నే గేమ్‌లో పర్ఫెక్ట్ గార్డ్ అంటారు, ఆడేవాళ్ళం మాత్రం పారీ అనే అనేస్తాం. చాలామంది పట్టించుకోని పాయింట్ ఏంటంటే గార్డ్‌కీ పారీకీ బటన్ ఒకటే, ప్లేస్టేషన్ కంట్రోలర్ అయితే ఎల్1. టైమింగ్ కుదిరితే పారీ, కాస్త ముందే నొక్కి పట్టుకునే ఉంటే మామూలు గార్డ్. మామూలు గార్డ్‌లో లైఫ్ కొంత పోతుంది కానీ ఆ పోయిన ముక్క బార్‌లో అలాగే వేరే షేడ్‌లో కనిపిస్తూ ఉంటుంది, వెంటనే తిరిగి కొట్టావంటే కొట్టిన కొద్దీ వెనక్కొస్తుంది. గార్డ్ రీగెయిన్ అంటారు దాన్ని. ఆలోపు ఇంకో దెబ్బ శుభ్రంగా తిన్నావా, ఆ ముక్క కూడా గోవిందా.

అంటే పారీ మిస్ అయినా ఇక్కడ పడే ఫైన్ చిన్నది. అదీ ముందు నొక్కితే చిన్నది, లేట్‌గా నొక్కితేనే వాచిపోతుంది. ఏ గేమ్‌లో అయినా పారీ మీద టైమ్ పెట్టాలా వద్దా అని తేల్చుకోడానికి నేను చూసేది ఇదే, కుదరకపోతే ఎంత పోతుంది అని. కుదిరితే ఏమొస్తుందో యూట్యూబ్ క్లిప్పుల్లో అందరూ చూపిస్తారు, కుదరని ఆటలన్నీ ఎడిటింగ్‌లో లేచిపోతాయి కదా.

ఇలాంటిదే ఇంకో గేమ్, ఎల్డెన్ రింగ్ తీస్కోండి. షీల్డ్ పట్టుకుని ఎల్2 నొక్కితే పారీ, షీల్డ్ పక్కకి విసిరినట్టు ఊపుతాడు. ఆ ఊపు సరిగ్గా కుదరలేదంటే షీల్డ్ అడ్డం లేదు, ఏమీ లేదు, దెబ్బ తినాల్సిందే. స్టార్మ్‌వీల్ కాజిల్‌లో గోస్టాక్ అనే వాడు బక్లర్ అమ్ముతాడు, పారీకి అది మంచి షీల్డే, దాన్ని పట్టుకుని క్రూసిబుల్ నైట్ మీదకి పోతే మజా వస్తుంది నిజంగానే, ఆ నైట్ కత్తి ఎత్తడం, మనం టక్‌మని తోసెయ్యడం, వాడు మోకాళ్ళ మీద పడడం. కానీ వాడే కాలు నేలకేసి తొక్కితే దానికి పారీ లేదు. డ్రాగన్లకి లేదు, ఫైర్ జెయింట్‌కి లేదు, ఆఖరి ఎల్డెన్ బీస్ట్‌కీ లేదు. మెలీనియా అనే బాస్‌కి ఉంది గానీ మూడు పారీలు చేస్తే గానీ క్రిటికల్, అంటే పెద్ద దెబ్బ, కొట్టే ఛాన్స్ రాదు, ఆ మూడూ అయ్యేలోపు ఆవిడ మన పని పట్టేస్తుంది. అంత పెద్ద గేమ్‌లో ఇన్ని చోట్ల పనికిరాని దానికోసం గంటలు గంటలు ప్రాక్టీస్ ఎందుకు? హాయిగా రోల్ చేస్కో, జంప్ చేసి కొట్టు, సాయానికి బూడిద దెయ్యాల్ని పిలుచుకో. అక్కడ పారీ షోకు. ఉంటే బాగుంటుంది, లేకపోతే వచ్చే నష్టం ఏమీ లేదు. దానికే 2024 జూన్‌లో అదనంగా వచ్చిన షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీలో డిఫ్లెక్టింగ్ హార్డ్‌టియర్ అని ఒకటి పెట్టారు, ఫిజిక్ అనే మందు సీసాలో కలుపుకుని తాగితే అయిదు నిమిషాల పాటు గార్డ్ బటన్ టైమింగ్‌తోనే పారీలాంటిది పడుతుంది, ఇదేదో మొదటి రోజు నుంచే ఇచ్చుంటే నేను పైన రాసిన నాలుగు లైన్లు వేరేలా ఉండేవి.

సెకిరో పూర్తిగా ఇంకో చివర. 2019లో వచ్చిన ఆ గేమ్‌లో డిఫ్లెక్ట్ (అక్కడి పారీ) రాకపోతే గేమే లేదు, పోశ్చర్ బార్, అంటే శత్రువు నిలకడ ఎంత దెబ్బతిందో చూపించే బార్, నిండితేనే బాస్ చస్తాడు, లైఫ్ బార్ ఒక్కటే కరిగించి గెలుద్దాం అనుకుంటే తెల్లారిపోద్ది. అందులోనూ ఎల్1 టకటకా నొక్కుతూ పోతే టైమింగ్ విండో చిన్నదైపోతుంది, స్పామ్ చేసేవాళ్ళకి ఆ గేమ్ చేసిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ ముందే చెక్ పెట్టింది. కాబట్టి అక్కడ నేర్చుకోవాలా అనే ప్రశ్నే రాదు.

లైస్ ఆఫ్ పి ఈ రెంటికీ మధ్యలో కూర్చుంది, అందుకే జనం కొట్టుకుంటున్నారు దీని మీద.

"నాకు రిఫ్లెక్స్‌లు లేవు భయ్యా, వయసైపోయింది" అనేవాళ్ళకి ఒక మాట. కంటితో చూసి వేలు నొక్కడానికి మామూలు మనిషికి 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. 60 ఎఫ్‌పీఎస్‌లో, అంటే సెకనుకి 60 బొమ్మలు పడితే, ఒక ఫ్రేమ్ అంటే 16.7 మిల్లీసెకన్లు, అంటే కత్తి కదలడం చూసి నువ్వు నొక్కేలోపు పన్నెండు పదిహేను ఫ్రేములు అయిపోతాయి. కాబట్టి చూసి చేసే పారీ చాలావరకు ఉండదు, ముందే తెలిసి చేసేదే పారీ. 2004లో ఈవో అనే ఫైటింగ్ గేమ్‌ల టోర్నమెంట్‌లో డైగో ఉమెహరా స్ట్రీట్ ఫైటర్ 3 థర్డ్ స్ట్రైక్ ఆడుతూ, తన క్యారెక్టర్ కెన్ లైఫ్ దారమంత మిగిలినప్పుడు, ఎదుటి జస్టిన్ వాంగ్ క్యారెక్టర్ చున్‌లీ వేసిన సూపర్ (పెద్ద స్పెషల్ అటాక్)లో పదిహేను దెబ్బలూ వరసగా పారీ చేసిన వీడియో చూసే ఉంటారు. అందులో మొదటి దెబ్బ పారీ చేయాలంటే సూపర్ వెలగక ముందే నొక్కాలి, వెలిగాక నొక్కితే లేటే. అంటే ఆయన అవతలోడు ఏం చేస్తాడో ముందే అంచనా వేశాడు, మిగతాది ఒంటబట్టిన రిథమ్. మన గేమ్‌లో అవతల ఉన్నది మనిషి కూడా కాదు, అవే నాలుగైదు కాంబోలు తిప్పి తిప్పి వేసే బొమ్మ. ఇంకేం కావాలి.

కాకపోతే ఆ బొమ్మలకి బిల్డప్ ఎక్కువ. మొదటి బాస్ పరేడ్ మాస్టర్‌నే చూడండి. ఆ పెద్ద శాల్తీ చెయ్యి పైకెత్తుతాడు, ఇప్పుడు పడుతుంది అనుకుని ఎల్1 నొక్కుతాం, వాడు అలాగే ఎత్తి ఆపుతాడు, మనం వదిలేస్తాం, అప్పుడు దబ్‌మని దించుతాడు. సినిమాలో విలన్ డైలాగ్ అయ్యేదాకా కత్తి దించడే, సేమ్ అదే యవ్వారం. ఇక్కడ చెయ్యాల్సింది ఏంటంటే ఆయుధాన్ని చూడ్డం మానెయ్యాలి, భుజం చూడాలి. చెయ్యి గాల్లో ఆగినంతసేపూ భుజం కదలదు, భుజం తిరగడం మొదలైందంటే దెబ్బ బయల్దేరినట్టే, ఇక ఆపడు. సగం లైఫ్ పోయాక వాడి తల వాడే పీక్కుని దాన్నే గదలాగా వాడతాడు, అక్కడ్నుంచి రీచ్ మారిపోతుంది, కానీ భుజం లెక్క అదే. నొక్కాక వెంటనే వదలొద్దు, పట్టుకునే ఉండండి, తొందరపడ్డా గార్డ్ అయినా ఉంటుంది. ఈ ఒక్క అలవాటు పడితే గేమ్‌లో సగం బాస్‌లకి దారి దొరికినట్టే.

ఎర్రగా మెరుస్తూ వచ్చే ఫ్యూరీ అటాక్‌లు మాత్రం వేరే. వాటిని మామూలు గార్డ్ ఆపదు, డాడ్జ్ కొట్టి మధ్యలోంచి దూరిపోదాం అంటే కుదరదు, పారీ చెయ్యాలి లేదా అందనంత దూరం పరిగెత్తాలి. చాలామంది పారీ తప్పనిసరి అనేది వీటివల్లే. నా సలహా, పరిగెత్తండి. సిగ్గేం లేదు. ఫ్యూరీ అటాక్‌కి ముందు ఎరుపు మెరుపు కావలసినంత టైమ్ ఇస్తుంది, చాలా వాటికి నాలుగడుగులు వెనక్కి వేస్తే సరిపోతుంది.

పారీ కుదిరితే ఏమొస్తుంది అంటే, ఒకటి లైఫ్ పోదు. రెండు, అవతలోడి ఆయుధం అరిగి అరిగి చివరికి విరిగిపోతుంది, విరిగిన కత్తితో వాడికి రీచ్ తగ్గిపోతుంది, ఈ ఐడియా నాకు భలే నచ్చింది, ఇంకే గేమ్ వాళ్ళైనా కాపీ కొట్టాలి దీన్ని. మూడు, స్టాగర్, అంటే బాస్ తూలిపోయే స్థితి, దగ్గరకొస్తుంది. నా కంప్లైంట్ ఇక్కడే. స్టాగర్ ఎంత నిండిందో చూపించే బార్ లేదు, దాచేశారు. నిండాక బాస్ లైఫ్ బార్ చుట్టూ తెల్లగా మెరుస్తుంది, అప్పుడు ఆ కాసేపట్లోనే చార్జ్ చేసిన హెవీ అటాక్ తగలాలి, తగిలితేనే వాడు కూలబడతాడు, అప్పుడు గానీ ఫేటల్ అటాక్ అనే పెద్ద దెబ్బ లేదు. సెకిరోలో అయితే బార్ నిండిందా, ఒక్క పోటు, అయిపోయింది. ఇక్కడ ప్రాణాలకి తెగించి వరసగా పారీలు చేశాక, కత్తి వెనక్కి లాగి చార్జ్ చేస్తూ నిలబడాలి, ఆ టైమ్‌కి బాస్ కాంబో మొదలెడతాడు, తెల్ల మెరుపు కాస్తా ఆరిపోతుంది, చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరు. పెద్ద కత్తులు వాడేవాళ్ళకి ఈ బాధ మరీ ఎక్కువ. చార్జ్ చెయ్యలేకపోతే ఫేబుల్ ఆర్ట్ (ఆయుధానికుండే స్పెషల్ దెబ్బ) దాచుకుని అప్పుడు వాడండి, చాలా వాటితో పని జరుగుతుంది.

ఇంకో సంగతి, ఇది గేమ్ తప్పు కాదు. మనోళ్ళు చాలామంది ఆడేది హాల్లో టీవీ మీద, ఇంట్లో సీరియల్స్ అయ్యాక. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేశారా? పిక్చర్ బాగుంటుంది కదా అని సినిమా మోడ్‌లో పెట్టి, మోషన్ స్మూతింగ్ కూడా వేసి ఆడితే కొన్ని టీవీల్లో యాభై, వంద మిల్లీసెకన్లు అక్కడే పోతాయి, అంటే మనం చూసే దెబ్బ ఆల్రెడీ తగిలేసిన దెబ్బ. ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకునేవాళ్ళు ఇంకో రకం, సౌండ్ లేట్‌గా వస్తుంది, సౌండ్ బట్టి టైమింగ్ పట్టుకుందాం అనుకుంటే అడ్డంగా బుక్కయిపోతారు. వైర్ ఉన్న ఇయర్‌ఫోన్స్ పెట్టండి. గ్రాఫిక్స్ తగ్గించి అయినా సరే 60 ఎఫ్‌పీఎస్ రప్పించుకోండి, 30 అయితే ఒక్కో ఫ్రేమ్ 33 మిల్లీసెకన్లు, దాంతో పారీ రావట్లేదని మనల్ని మనం తిట్టుకోవడం అనవసరం.

పారీ అస్సలు వద్దు అనేవాళ్ళకి కూడా దారి ఉంది ఇందులో. బాస్ రూమ్ బయట స్టార్ ఫ్రాగ్మెంట్ అనే వస్తువు పెట్టి స్పెక్టర్‌ని, అంటే మన తరఫున కొట్లాడే తోడుని, పిలవొచ్చు, వాడు తన్నులు తింటుంటే మనం వెనక నుంచి బాదొచ్చు. విసిరే బాంబుల్లాంటివి బోలెడు. పర్ఫెక్షన్ గ్రైండ్‌స్టోన్ అని ఒకటి, కత్తికి పట్టిస్తే కొద్దిసేపు నువ్వు పట్టిన గార్డ్ అంతా పర్ఫెక్ట్ గార్డే, పారీ రానోళ్ళకోసం వాళ్ళే చేసిచ్చిన కాపీ చీటీ అది. 2025 జూన్‌లో ఓవర్చర్ డీఎల్‌సీ (గేమ్‌కి అదనపు భాగం) వచ్చినప్పుడు డిఫికల్టీ లెవెల్స్ కూడా పెట్టారు, అంతకు ముందు అసలు లేవు. ఈజీలో ఆడితే ఎవరూ కేసు పెట్టరు.

అయినా సరే ఒకరి దగ్గర మాత్రం పారీ ట్రై చెయ్యకుండా పోవద్దు, లాక్సేసియా అనే బాస్. మొదటి ఫేజ్ మామూలే, షీల్డ్, కత్తి, గార్డ్ పట్టుకుని గడిపెయ్యొచ్చు. రెండో ఫేజ్‌లో గాల్లోకి లేచి మెరుపులు విసురుతుంది, పరిగెడితే ఒకటో రెండో తగులుతూనే ఉంటాయి, కానీ ఎదురు నిలబడి టైమింగ్‌లో ఎల్1 కొడితే ఆ మెరుపు తిరిగి ఆవిడకే పోయి తగులుతుంది. మొదటిసారి అది జరిగినప్పుడు నేను సోఫాలోంచి లేచి నిలబడిపోయా.

నేర్చుకోవడం ఎలా అంటే, క్లెయిర్ ఆబ్స్క్యూర్ ఎక్స్‌పెడిషన్ 33 ఆడినవాళ్ళకి ఆల్రెడీ తెలుసు. 2025 ఏప్రిల్‌లో వచ్చింది కదా, టర్న్ బేస్డ్ అయినా శత్రువు టర్న్‌లో డాడ్జో పారీయో మనమే నొక్కాలి. అందులో డాడ్జ్ టైమింగ్ కొంచెం వదులు, పారీది బిగువు, పారీ పడితే ఏపీ (మన టర్న్‌లో స్కిల్స్ వాడ్డానికి ఖర్చయ్యే పాయింట్లు) వస్తుంది, కాంబో మొత్తం పారీ చేస్తే కౌంటర్ కూడా పడుతుంది. కొత్త శత్రువు వస్తే ముందు డాడ్జ్‌తో లయ పట్టుకో, డాడ్జ్ చేసినప్పుడల్లా ఎంత కరెక్ట్‌గా చేశావో అదే చూపిస్తుంది, ఆ తర్వాత పారీకి మారు. లైస్ ఆఫ్ పికి కూడా అదే పద్ధతి, డాడ్జ్ బదులు గార్డ్. కొత్త బాస్ దగ్గర మొదటి కొన్ని ఆటలు గార్డ్ పట్టి కాంబోలు చూడండి, అందులో సులువుగా ఉన్నవి ఓ రెండు ఎంచుకుని వాటికి మాత్రం పారీ, మిగతావన్నీ గార్డ్, డాడ్జ్.

ఆయుధం సంగతి, మొదట్లో మూడు దార్లు ఇస్తాడు. పారీ నేర్చుకుందాం అనుకుంటే సాబర్ తీస్కోండి, దాని చార్జ్ అటాక్ తెల్ల మెరుపు ఆరేలోపు తగులుతుంది. రేపియర్ వేగంగా ఉంటుంది కానీ ఒక్కో దెబ్బకీ బరువు తక్కువ. గ్రేట్‌సోర్డ్ వైపు మాత్రం రెండో రౌండ్ ఆడేటప్పుడు చూద్దురుగానీ.