జాగ్రత్త: శాటిలైట్ చిత్రాల ప్రాసెసింగ్‌కి డబ్బు కట్టేముందు బ్యాండ్లు, ఏరియా రాయించుకోండి

గుంటూరు, విజయవాడ వైపు పంటల మ్యాపింగ్ కోసం శాటిలైట్ చిత్రాలు ప్రాసెస్ చేయించుకోవాలనుకునే ఎఫ్‌పీవోలు (రైతు ఉత్పత్తిదారుల సంఘాలు), సర్వే పనులు చేసేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మా ఎఫ్‌పీవో తరఫున విజయవాడలో ఒక ఆఫీసుకు పని అప్పగించాం. సగం డబ్బు అడ్వాన్సుగా తీసుకున్నారు. ఇచ్చిన ఫైలు మాకు ఎందుకూ పనికిరాలేదు. పేరు రాయడం లేదు. ఇలా బేరం చేసేవాళ్లు ఇంకొందరు ఉండొచ్చు, అందుకే జరిగింది చెబుతున్నాను.

మాకు కావలసింది ప్రత్తిపాడు, పెదనందిపాడు వైపు మిర్చి తోటల పరిస్థితి. 2021-22 సీజన్‌లో నల్ల తామర పురుగు చేసిన నష్టం ఇక్కడి రైతులెవరూ మర్చిపోలేదు. తోటలో ఏ మూల వాడుతోందో ముందే కనిపెడితే మనిషిని పంపి చూడొచ్చు. శాటిలైట్ ఒక్కో రకం కాంతిని ఒక్కో పొరగా విడిగా తీస్తుంది, ఆ పొరనే బ్యాండ్ అంటారు. మాకు ఎరుపు, నియర్ ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని కాంతి) బ్యాండ్లు రెండూ ఉండాలి. పచ్చగా ఏపుగా ఉన్న ఆకు ఎరుపు కాంతిని పీల్చుకుని, నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ను ఎక్కువగా వెనక్కి పంపుతుంది. నియర్ ఇన్‌ఫ్రారెడ్‌లోంచి ఎరుపు తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే ఎన్‌డీవీఐ, అంటే పంట పచ్చదనం ఎంతో చెప్పే అంకె వస్తుంది. ఇదంతా మొదటి మాటల్లోనే వాళ్లకు చెప్పాం.

వచ్చింది మామూలు రంగుల బొమ్మ. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడే ఉన్నాయి, విలువలన్నీ 0 నుంచి 255 లోపే. నియర్ ఇన్‌ఫ్రారెడ్ లేనే లేదు. ఇలా మూడు రంగులకు కుదించి ఇచ్చాక అందులోంచి లేని బ్యాండును ఏ సాఫ్ట్‌వేరూ బయటికి తీయలేదు. నిలదీస్తే ఎన్‌డీవీఐ మ్యాప్ అని ఇంకొకటి పంపారు. అందులో గుబురుగా ఎదిగిన తోటలు కూడా పలచగా కనిపిస్తున్నాయి. ఏ బ్యాండ్లు వాడారని పట్టుబట్టి అడిగితే 4, 5 అన్నారు. అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ 8, 9 శాటిలైట్లకు ఆ లెక్క సరైనదే, వాటిలో 5వది నియర్ ఇన్‌ఫ్రారెడ్. కానీ వాళ్లు వాడింది యూరప్ వాళ్ల సెంటినెల్-2 చిత్రం. అందులో 5వది ఎరుపుకీ నియర్ ఇన్‌ఫ్రారెడ్‌కీ మధ్యలో, 705 నానోమీటర్ల దగ్గరుండే రెడ్ ఎడ్జ్, నియర్ ఇన్‌ఫ్రారెడ్ 8వది. ఈ మ్యాప్ నమ్మి రైతుకు మందు కొట్టమని చెప్పి ఉంటే ఖర్చు ఎవరి నెత్తిన పడేది? నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఇదే. ఆర్డర్ కాగితం మీద బ్యాండ్ నంబర్ ఒక్కటే చాలదు, శాటిలైట్ పేరు, బ్యాండ్ పేరు కూడా ఉండాలి.

చిత్రం ‘1 మీటర్ క్వాలిటీ’ అని వాళ్లు చెప్పిన మాట కూడా నిజం కాదు. సెంటినెల్-2లో అన్నిటికంటే వివరంగా వచ్చే బ్యాండ్లు 10 మీటర్లవి, అంటే చిత్రంలో ఒక్కో గడి (పిక్సెల్) సుమారు రెండున్నర సెంట్ల నేల. రెడ్ ఎడ్జ్ బ్యాండ్లు 20 మీటర్లవి, గడికి పది సెంట్లు. ల్యాండ్‌శాట్ 30 మీటర్లకు వెళ్తే ఇరవై రెండు సెంట్లు. ఆ గడులనే చిన్న ముక్కలు చేసి సాఫీగా కనిపించేలా దిద్ది 1 మీటర్ అని ఇచ్చారు. పిక్సెల్ సైజు చూస్తే 1 అనే ఉంటుంది కాబట్టి దాన్ని నమ్మకండి. మీకు బాగా తెలిసిన పొలం దగ్గరికి జూమ్ చేయండి. గట్లు, డొంక దారి విడివిడిగా కనిపించకుండా రంగులు ఒకదానిలోకి ఒకటి జారిపోతుంటే అది సాగదీసిన చిత్రమే.

ఏరియా విషయంలో మేం సరిహద్దు గీసిన ఫైలు ఇచ్చాం. బిల్లు మాత్రం ఆ గీత చుట్టూ పట్టే దీర్ఘచతురస్రం మొత్తానికి, చదరపు కిలోమీటర్ల లెక్కన వేశారు. మాకు సంబంధం లేని ఊళ్లకు కూడా మేమే కట్టాలట.

మేఘాల శాతం దగ్గర కూడా జాగ్రత్త. మాకు ‘మేఘాలు 10 శాతమే’ అన్నారు. సెంటినెల్-2 చిత్రానికి ఇచ్చే ఆ శాతం దాదాపు 110 కిలోమీటర్ల పొడవూ వెడల్పూ ఉన్న టైల్ (చిత్రాలను కోసి ఇచ్చే చదరపు ముక్క) మొత్తానిది. మాకొచ్చిన దానిలో ఆ కాస్త మేఘమూ మా తోటల మీదే ఉంది. మీ సరిహద్దు లోపల మేఘం ఎంత అని అడగండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పటిలాంటి వరద మ్యాపులకైతే మేఘాల కింద కూడా చూడగలిగే సెంటినెల్-1 రాడార్ చిత్రాలు అడగాలి.

ఇంకో సంగతి. సెంటినెల్, ల్యాండ్‌శాట్ చిత్రాలు ఉచితం. సెంటినెల్ చిత్రాలు ఇచ్చే కోపర్నికస్ బ్రౌజర్ వెబ్‌సైట్‌లో అకౌంట్ తెరిస్తే మన ఏరియా గీసుకుని, కావలసిన బ్యాండ్లు ఎంచుకుని దించుకోవచ్చు. మన ఇస్రోకు చెందిన ఎన్‌ఆర్‌ఎస్‌సీ వాళ్ల భూనిధి పోర్టల్ కూడా చూడండి. ప్రాసెసింగ్ శ్రమకు డబ్బు ఇవ్వడం న్యాయం, నేను కాదనను. మా బిల్లులో ‘చిత్రాల కొనుగోలు’ అని విడిగా ఒక పద్దు ఉంది, అది మాత్రం మోసం.

అడ్వాన్సు ఇచ్చేలోపే ఒక్క ఊరికి శాంపిల్ అడగండి. బ్యాండ్లన్నీ ఉన్న 16 బిట్ (విలువలు 255 దగ్గరే ఆగిపోని) జియోటిఫ్ ఫైలు, అంటే నేల మీద ఎక్కడిదో కూడా నమోదైన చిత్రం, దాంతోపాటు అసలు చిత్రం పూర్తి పేరు ఇవ్వాలి. ఆ పేరులో శాటిలైట్, తీసిన తేదీ ఉంటాయి, దాన్ని పట్టుకుని అదే చిత్రాన్ని ఉచితంగా వెతికి పోల్చుకోవచ్చు. పేరు చెప్పడానికి వెనకాడితే పని ఇవ్వకండి. మేం మిగతా సగం ఆపేశాం, అడ్వాన్సు తిరిగి ఇవ్వమని రాతపూర్వకంగా అడిగాం, ఇంకా జవాబు రాలేదు.