గొట్టాన్ని ఎక్కడ పట్టుకుంటే మేలు?

అనంతపురంలో మా ప్రహరీ గోడ పక్కన బిళ్ళగన్నేరు ఎవరూ నాటకుండానే మొలిచింది. నీళ్లు పోయకపోయినా ఎండాకాలమంతా పూస్తుంది. మొన్న ట్యూషన్‌కొచ్చిన డిగ్రీ అమ్మాయి దాన్ని చూసి, "సార్, దీన్నుంచి తీసే విన్‌బ్లాస్టిన్ మైక్రోట్యూబ్యూల్‌ని, అంటే కణం లోపలి సన్నటి గొట్టాన్ని, కట్టనివ్వదు. టాక్సాల్ కూలనివ్వదు. రెండూ క్యాన్సర్ మందులే. మరి ఏది మేలు?" అనింది.

అడిగింది మందుల గురించే అయినా ముందు కణాన్ని చూడాలి. కట్టడం, కూల్చడం రెండూ అది రోజూ చేసే పనులే.

ఈ గొట్టం మందం 25 నానోమీటర్లు. ఆల్ఫా, బీటా ట్యూబ్యులిన్ అనే ప్రొటీన్ల జంటలు వరసగా అతుక్కుంటాయి, మామూలుగా అలాంటి 13 వరసలు కలిస్తే ఒక గొట్టం. కొత్తగా చేరే జంటలో జీటీపీ అనే శక్తినిచ్చే అణువు ఉంటుంది, కాసేపటికి అది జీడీపీగా మారుతుంది. కొసన జీటీపీ టోపీ ఉన్నంతసేపు గొట్టం పెరుగుతుంది. టోపీ ఊడిందా, వరసలు అరటితొక్క వలిచినట్టు బయటికి విచ్చుకుని గబగబా కూలిపోతుంది. 1984లో మిచిసన్, కిర్ష్‌నర్ అనే శాస్త్రవేత్తలు దీనికే డైనమిక్ ఇన్‌స్టెబిలిటీ అని పేరు పెట్టారు.

దీన్ని అదుపు చెయ్యడానికి ఒక దారి, సరుకు దగ్గరే పట్టుకోవడం. స్టాత్మిన్ అనే ప్రొటీన్ ఒక్కొక్కటి రెండేసి ట్యూబ్యులిన్ జంటల్ని పట్టేసుకుంటుంది. పద్ధతి చౌకే గానీ కాస్త మొరటు. ఊర్లో సిమెంటు అమ్మకం ఆపేస్తే ఎవరి గోడ ఆగుతుందో మన చేతిలో ఉండదు కదా.

రెండోది కొస దగ్గర పట్టుకోవడం. ఇక్కడే కణం పనితనం కనిపిస్తుంది. ఎక్స్‌మ్యాప్215 అనే ప్రొటీన్ కొసకు జంటల్ని అందిస్తుంటే, ఎమ్‌క్యాక్ అనే ఇంకో ప్రొటీన్ అదే కొసను ఊడబీకుతుంది. కణవిభజనలో ఏదైనా గొట్టం క్రోమోజోమును తప్పువైపు నుంచి పట్టుకుందనుకోండి. ఆ ఒక్క పట్టునే విడిపించాలి, పక్కదాన్ని కదపకూడదు. అరోరా బి అనే ఎంజైము అక్కడే కాచుకుని ఉండి ఆ పని చేయిస్తుంది. ఇంత కచ్చితత్వం సరుకు ఆపితే రాదు.

మూడోది టావ్ లాంటి ప్రొటీన్లు గొట్టం పొడవునా అతుక్కుని నిలబెట్టడం. నడుము నుంచి కాలివేలి దాకా మీటరు పొడవు సాగే నరానికి ఇదే దిక్కు.

విభజన చెందే కణానికైతే నా ఓటు కొసకే. నరానికి మాత్రం టావ్ ఉండాల్సిందే. ఏ పద్ధతైనా కణం ఆ ప్రొటీన్లకు ఫాస్ఫేటు తగిలించి పట్టు సడలిస్తుంది, తీసేసి మళ్ళీ బిగిస్తుంది. మందుకు ఆ స్విచ్ లేదు. అందుకే ఒకటి కట్టనివ్వకపోయినా, ఇంకొకటి కూలనివ్వకపోయినా విభజన మధ్యలోనే ఇరుక్కుంటుంది. రెంటికీ చేతులు, కాళ్ల తిమ్మిర్లూ వస్తాయి. రోగికి ఏది మేలన్నది ఏ క్యాన్సరో చూసి డాక్టరు తేల్చాల్సిన మాట: రొమ్ము, అండాశయ క్యాన్సర్లలో టాక్సాల్ వాడతారు, పిల్లల బ్లడ్ క్యాన్సర్లో ఈ బిళ్ళగన్నేరు నుంచే వచ్చే విన్‌క్రిస్టిన్.

"మా అవ్వ షుగర్‌కని దీని ఆకులు నములుతాది సార్" అనింది ఆ అమ్మాయి. వెంటనే మాన్పించమన్నాను. కెనడాలో నోబుల్, బీర్ అనే శాస్త్రవేత్తలు కూడా షుగర్‌కి పనికొస్తుందేమోననే ఈ మొక్క రసాన్ని ఎలుకలకు ఎక్కించి చూశారు. తగ్గింది షుగర్ కాదు, తెల్ల రక్తకణాలు.