జగదల్‌పూర్ చీమల పచ్చడి: మూడు చోట్ల తిన్నాం, ఒక్కచోటే బాగుంది

మా మేనల్లుడు ఫోనులో ఎవరో చీమలు తింటున్న వీడియో చూపించి, "మావయ్యా, ఇదెక్కడో కాదు, మన వైజాగ్‌లో రైలెక్కితే సాయంత్రానికి అక్కడుంటాం" అన్నాడు. నిజమే. మార్చి రెండో వారం, శనివారం నాడు ఇద్దరం ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ జిల్లా, జగదల్‌పూర్ బయల్దేరాం.

కిరండూల్ పాసింజరని అందరం పిలిచే బండి పొద్దున ఏడుకి ముందే విశాఖలో కదులుతుంది. అరకు దాకా కాలు పెట్టే చోటుండదు. అరకులో పెట్టె మొత్తం దిగిపోయాక, మిగిలినవాళ్ళం కాళ్ళు చాపుకుని కూర్చున్నాం. ఒడిశాలోని కోరాపుట్, జైపూర్ మీదుగా జగదల్‌పూర్ చేరడానికి మొత్తం పది గంటలని చెబుతారు, మాకు పదకొండున్నర పట్టింది. బైలాడిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకి దించడానికి వేసిన లైను ఇది, గూడ్సు ఎదురొస్తే మన బండి పక్కన నిలబడాల్సిందే. తిండి ఇంటి నుంచి కట్టుకెళ్ళండి. అరకు దాటాక టీ, పల్లీలు తప్ప మాకేం దొరకలేదు.

బస ఊళ్ళోనే ఒక లాడ్జిలో. ఆన్‌లైన్‌లో ఏసీ గది అన్నారు, వెళ్ళాక "ఏసీ ఉంది సార్, రిమోట్ లేదు" అన్నారు. వేడినీళ్ళు బకెట్‌తో తెచ్చిచ్చి, ఖాళీ చేసే రోజు బిల్లులో బకెట్‌కి ఇంతని వేశారు. పడుకోవడానికి పనికొస్తుంది, అంతకంటే చెప్పను.

ఆదివారం జగదల్‌పూర్ సంత. ఎండెక్కితే సరుకు అయిపోతుందని ఎనిమిదింటికే వెళ్ళాం. ఉల్లిపాయలు, ఎండుచేపలు, కుప్పలు పోసిన ఇప్పపువ్వు దాటుకుంటూ వెళ్తే ఒక మూల నలుగురు ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందూ సాలాకుల డొప్పలు. డొప్ప నిండా ఎర్ర చీమలు, వాటి మధ్య తెల్లగా గుడ్లు, పిల్లపురుగులు, అచ్చం ఉడికిన సగ్గుబియ్యంలాగా. చాలావరకు చచ్చినవే. కొన్ని మాత్రం ఇంకా డొప్ప అంచు ఎక్కుతుంటే అమ్మే ఆవిడ ఒకరు చిటికెన వేలితో లోపలికి నెడుతోంది. డొప్ప ఇరవై రూపాయలు.

ఇవి మనకి కొత్తవేం కావు. మామిడి చెట్ల మీద ఆకులు కలిపి కుట్టి గూడు కట్టే చీమలే. చిన్నప్పుడు కాయల కోసం చెట్టెక్కి, వీటి చేత కుట్టించుకుని కిందికి దూకనివాడు మా ఊళ్ళో లేడు. పొద్దున్నే గూడున్న కొమ్మ దులిపి పట్టుకొస్తారు. వాటిని ఎండుమిరపకాయ, వెల్లుల్లి, అల్లం, కొత్తిమీర, ఉప్పు వేసి నూరితే అదే చాపడా. చింతపండు అక్కర్లేదు. పులుపంతా చీమలో ఉండే ఫార్మిక్ ఆమ్లానిదే, కుడితే మంట పెట్టేదీ అదే. జ్వరమొస్తే ఈ చీమల చేత కుట్టించుకుంటే తగ్గుతుందని ఇక్కడివాళ్ళ నమ్మకం. నేను ప్రయత్నించలేదు.

నూరి పెట్టిన పచ్చడి కూడా ఆవిడ దగ్గరే ఉంది. ఆవిడది ఇక్కడి హల్బీ భాష, మావాడిది సినిమా హిందీ, బేరం వేళ్ళ మీదే జరిగింది. "ముందు నువ్వు తిను మావయ్యా" అన్నాడు, ఇంత దూరం లాక్కొచ్చినవాడు. సరేనని ఆకుతోనే తీసి నాలిక మీద పెట్టుకున్నాను. ముందు నిమ్మచెక్క పిండినట్టు పులుపు. గోంగూర పులుపులా నెమ్మదిగా రాదు, ఒక్కసారి చెవుల కింద లాగుతుంది. తర్వాత మిరప కారం. ఆ తర్వాత, ఇది చెప్పక తప్పదు, పళ్ళ సందున ఒక కాలు. రెండోసారికి కాలు సంగతి మర్చిపోయాను. మూడోసారికి, దీనికి వేడన్నం, కాస్త నువ్వుల నూనె ఉంటేనా అనిపించింది.

ఇదే పచ్చడి ఆ రాత్రి ఊళ్ళో ఒక హోటల్లో అడిగాం. మెనూలో పెద్ద అక్షరాలతో వేసి, సంత ధరకి పదింతలు పెట్టారు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి ముద్ద, మీద టమాటా ముక్క, నిమ్మకాయ కూడా పిండారు. పులుపుకే పేరున్నదానికి మళ్ళీ నిమ్మకాయెందుకో! చీమ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. మూడోసారి చిత్రకోట్ జలపాతం దారిలో, రోడ్డు పక్క పూరిపాకలో. అక్కడ తాజాగా నూరారు గానీ ఉప్పు చేయిజారింది. కాబట్టి తింటే సంతలోనే తినండి. ఆదివారం కుదరకపోతే సోమవారం తోకపాల్ సంత ఉంది.

పురుగుల సంగతి వేరు. ఈతచెట్టు మొదట్లోంచి తీసిన బొటనవేలంత లావు తెల్ల పురుగులు ఆకులో కదులుతూ కనిపించాయి. మన మన్యంలో బొడ్డెంగులంటారే, ఆ బాపతే. పక్కనే ఒకాయన పెనం మీద వేయించి ఇస్తున్నాడు. మావాడు రెండు తిని, "పైన కరకర, లోపల కొబ్బరిపాలు" అన్నాడు. నాకు ధైర్యం చాల్లేదు. చిత్తూరు వైపు మిత్రుడొకడు తొలకరికి ఉసిళ్ళు పట్టి వేయించుకుంటామని చెబితే వెక్కిరించిన పాపం ఆ పూట గుర్తొచ్చింది. ఒక్క మాట: రొయ్యలు తింటే దద్దుర్లొచ్చేవాళ్ళు చీమలు, పురుగుల జోలికి పోకండి, ఆ పడకపోవడం వీటికీ వర్తించొచ్చు.

సల్ఫీ అంటే మన జీలుగు కల్లే. పొద్దున దించింది తియ్యగా, కొంచెం నురగతో ఉంటుంది. మధ్యాహ్నానికి పులుస్తుంది, మత్తూ పెరుగుతుంది. ఎండిన ఆనపకాయ బుర్రలోంచి ఆకు దొన్నెలో పోసిచ్చారు. బియ్యంతో పులియబెట్టే లాందా మాత్రం నాకు నచ్చలేదు, పులిసిన గంజి తాగినట్టుంది.

మూడో రాత్రి కాంగేర్ లోయలోని ధుడ్‌మారాస్ అనే ఊళ్ళో, ఒక ఇంట్లో ఉన్నాం. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2024లో తన పల్లెల కార్యక్రమానికి ఎంచుకున్న ఊరిది. మట్టిగోడల గది, నులకమంచం, దోమతెర, శుభ్రమైన మరుగుదొడ్డి. ఫోన్ సిగ్నల్ మాత్రం సరిగా లేదు. భోజనం ఆకులో: అన్నం, వెదురుకొమ్ముల పులుసు, పప్పు. పొద్దున చోళ్ళతో కాచిన పేజ్. మన అంబలే, ఉప్పు తక్కువ. లాడ్జిలో ఇచ్చిన డబ్బుకి ఇక్కడ రెండు రాత్రులు ఉండొచ్చు. మళ్ళీ వెళ్తే తిన్నగా ఇక్కడికే.

జలపాతాల కోసం వెళ్ళేవాళ్ళు మాత్రం మార్చిలో వెళ్ళకండి. ఇంద్రావతి మీద చిత్రకోట్ వానాకాలంలో గుర్రపునాడా ఆకారంలో అంచు నిండా దూకుతుంది. మేం చూసినప్పుడు మూడు పాయలు. తీరథ్‌గఢ్ కూడా సన్నబడింది. కుటుంసర్ గుహది దీనికి ఉల్టా, వానాకాలంలో మూసేస్తారు. చీమగుడ్లకి, ఇప్పపువ్వుకి ఎండలు ముదరాలి. సాలచెట్ల కింద పుట్టే బోడా పుట్టగొడుగులకి తొలి వానలు పడాలి. అన్నీ ఒకే ప్రయాణంలో చూడటం కుదరదు. జలపాతం కావాలో, చీమ కావాలో ఇంటి దగ్గరే తేల్చుకోండి. టాక్సీకి రోజుకి మూడు వేలు ఇచ్చాం, చిత్రకోట్‌కి సుమారు నలభై కిలోమీటర్లు, బస్సుల కోసం చూస్తే రోజంతా పోతుంది.

తిరుగు రైల్లో, ఇంటికి తెస్తున్న చీమల పచ్చడి సీసా మూత వదులై సంచిలో కారింది. పెట్టెంతా పుల్లటి వాసన. కోరాపుట్‌లో ఎక్కిన ఒక పెద్దావిడ అటూ ఇటూ వాసన చూసి, "కాయీ?" అంది. ఒడిశాలో ఈ చీమల పేరదే. మయూర్‌భంజ్ వైపు చేసే సిమిలిపాల్ కాయి పచ్చడికి 2024 జనవరిలో జీఐ గుర్తింపు, అంటే ఈ సరుకు ఫలానా ప్రాంతానిదేనన్న ముద్ర, కూడా వచ్చింది. అవునన్నాను. ఆవిడ మూట విప్పి, రెండు రొట్టెలు తీసి మా ముందు పెట్టి, సీసా ఇమ్మన్నట్టు చెయ్యి చాపింది. అరకు వచ్చేసరికి సీసా ఖాళీ.